గాజుతొట్టికి చెప్పులు

నందిగామలో అక్వేరియం సామాన్లు అమ్మే షాపతను ఆ రోజు నోరు మూసుకుని ఉంటే నేనిది రాసే పనే ఉండేది కాదు. గోల్డ్ ఫిష్‌లకి మేత కొనడానికి వెళ్ళి, అతని గోడమీద అతికించిన సముద్రపు చేపల ఫొటో చూస్తూ నిలబడ్డాను. నారింజ రంగు ఒళ్ళు, దానిమీద తెల్లటి పట్టీలు, ఎవరో ఇప్పుడే స్నానం చేయించి బొట్టు పెట్టినట్టు శుభ్రంగా ఉన్నాయి. అవి తెప్పిస్తావా అని అడిగాను. అతను నా చొక్కా మీది సున్నపు దుమ్మునీ, నెరిసిన మీసాన్నీ ఒకసారి చూసి, "ఉప్పునీళ్ళ చేపలు మీవల్ల కాదులెండి మాస్టారూ" అన్నాడు. వెటకారంగా అన్నా ఊరుకునేవాణ్ణి. జాలిగా అన్నాడు.

మేత పొట్లం జేబులో వేసుకుని బండెక్కాను. జగ్గయ్యపేట వచ్చేసరికి తొట్టి కొలతలు మనసులో తయారయ్యాయి.

నేను సున్నపురాయి క్వారీలో బ్లాస్టింగ్ ఫోర్‌మన్‌గా రిటైరయ్యాను. కొత్తగా ఈ పనిలోకి వస్తున్న పిల్లల కోసమే ఇది రాస్తున్నాను కాబట్టి మీకు పని సంగతి విడమర్చక్కర్లేదు. తక్కినవాళ్ళ కోసం రెండు ముక్కలు. రాతిలోకి వరసగా లోతైన రంధ్రాలు వేస్తారు, వాటిని మేం హోల్స్ అంటాం. వాటిలో మందు కూరతారు. చుట్టుపక్కల మనుషుల్నీ గొడ్లనీ దూరం పంపి సైరన్ వేస్తారు. పేలుస్తారు, దాన్ని షాట్ అంటాం. పేలకుండా మిగిలిన మందేమైనా ఉందేమో చూసుకుని, అంతా క్షేమం అని రెండో సైరన్ వేస్తారు. తర్వాత రాయి లారీలకెక్కి ఫ్యాక్టరీకి పోయి సిమెంటవుతుంది. నా ఉద్యోగం మొత్తం ఆ రెండు సైరన్ల మధ్యే గడిచిందని చెప్పొచ్చు.

అప్పట్లో క్వారీకి దగ్గరలో ఉన్న ఊళ్ళోనే ఇల్లు అద్దెకు తీసుకున్నాం. ఊరిపేరు, ఫ్యాక్టరీ పేరు చెప్పను. జగ్గయ్యపేట చుట్టూ అలాంటి ఊళ్ళూ ఫ్యాక్టరీలూ బోలెడు, మీకు తోచింది అనుకోండి. రెండు గదులు, వంటిల్లు, ముందు వసారా, కింద నాపరాళ్ళు. మా ఆవిడ ముందుగదిలో మిషను పెట్టుకుని ఊళ్ళో ఆడవాళ్ళకి జాకెట్లు కుట్టేది. ఆ మిషనుకి ఎదురుగా, వీధి తలుపు పక్కన, సముద్రాన్ని పెడతానని చెప్పినప్పుడు ఆవిడ సూదిలోకి దారం ఎక్కిస్తోంది. ఎక్కించడం పూర్తిచేసి, "ఎంత సముద్రం?" అని అడిగింది. రెండడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అంతే ఎత్తు అన్నాను. "అయితే పెట్టుకోండి" అంది.

అద్దాలు నందిగామలోనే కోయించాను. చేపలు నావల్ల కావన్న పెద్దమనిషి షాపుకి రెండు కొట్ల అవతలే కావాలని కోయించాను, అతను చూశాడు కూడా. వాటిని ఇంటికి చేర్చడం ఇంకో కథ. ఆ రోజు దొరికిన గూడ్స్ ఆటోలో సగం దాకా మిరపకాయలు కుక్కిన గోనె టిక్కీలున్నాయి. అద్దాలకి ఇంతకంటే మెత్తటి పరుపు దొరకదని డ్రైవరు వాటి మధ్యలో నిలబెట్టాడు. ఒక్కటీ పగలకుండా వచ్చాయి గానీ, ఇంట్లో వాటిని తుడిచిన నేనూ, మా ఆవిడా, జాకెట్టు ఆది ఇవ్వడానికొచ్చిన పక్కింటావిడా సాయంత్రం దాకా తుమ్ముతూనే ఉన్నాం.

ఇక అతికించడం. ఫోన్లో వీడియోలు చూస్తే అది పిండివంటంత తేలిక. అద్దం అంచుకి సిలికాన్ పూసి, ఇంకో అద్దం ఆనించి, టేపు వేసి వదిలేయడమే. నేను కొండలు పేల్చే మనిషిని, విడగొట్టడం వచ్చు గానీ అతకడం ఎప్పుడూ చేసింది లేదు. మొదటిసారి ఒక మూల వంకరొచ్చింది. వసారాలో నీళ్ళు నింపి చూస్తే ఆ మూలనుంచి కన్నీటిబొట్టులా కారడం మొదలైంది. మొత్తం బ్లేడుతో కోసి, గీకి, మళ్ళీ అతికించాను. ఇల్లంతా వెనిగర్ వాసన. రెండోసారి ఆరబెట్టిన రోజులన్నీ మా ఆవిడ దాని పక్కనుంచి పసిపిల్ల నిద్రపోతున్న గదిలో నడిచినట్టు నడిచింది. ఆ తర్వాత నీళ్ళు నింపితే చుక్క కారలేదు. తొట్టి వెనకవైపు సన్నటి అడ్డుగోడ ఒకటి అద్దంతోనే పెట్టాను. దాని వెనక చిన్న గదిలో మోటారు, వడపోతకి స్పాంజీలు. మురికి నీళ్ళు అటు పోయి, శుభ్రమై మళ్ళీ ఇటు రావాలి.

స్టాండు మా క్వారీ వర్క్‌షాపు వెల్డరు చేశాడు. పక్క ఊరివాడు, నాకంటే పదేళ్ళు చిన్న, చర్చిలో డోలక్ వాయిస్తాడు. ఆదివారం ప్రార్థన అయ్యాక తెల్లచొక్కాతోనే వచ్చి, చొక్కా మడిచి మా ఆవిడ మిషను మీద పెట్టి, బనీనుతో పనిలో దిగాడు. చదరపు ఇనప గొట్టాలు కోసి, నాలుగు కాళ్ళు, పైనా కిందా చట్రం. మధ్యలో అడ్డపట్టీ ఎందుకు, అంత బరువేముంటుంది అన్నాను. నీళ్ళు లీటరుకి కిలో సార్, రాళ్ళు, అద్దాలు కలిపితే మీరూ నేనూ కలిసి దానిమీద కూర్చున్నంత అన్నాడు. పట్టీ వేశాక నిజంగానే ఇద్దరం ఎక్కి కూర్చుని చూశాం. ఉప్పునీటికి ఇనుము తుప్పు పడుతుందని మూడుసార్లు రంగు వేయించాడు.

తీరా గదిలో నిలబెడితే స్టాండు ఊగింది. లోపం స్టాండులో లేదు, నాపరాళ్ళు ఎగుడుదిగుడుగా ఉన్నాయి. అప్పుడు మా ఆవిడ మిషను దగ్గర్నుంచే ఒక మాట అంది. మీరు పేల్చినప్పుడల్లా ఈ గదిలో దారపు ఉండలు దొర్లి కిందపడతాయి, దీన్ని ఏం చేస్తారో చూసుకోండి అని. వెల్డరు కాసేపు ఆలోచించి, మర్నాడు స్టోర్స్‌లో అడిగి పారేసిన కన్వేయర్ బెల్టు ముక్కలు తెచ్చాడు. రాయి మోసే బెల్టు, వేలు మందాన రబ్బరు. నాలుగు పొరలు కలిపి ఒక్కో కాలికింద పెట్టాం. ఊగడం ఆగింది. పైన చెక్క, దానిమీద థర్మోకోల్ షీటు, దానిమీద తొట్టి. స్పిరిట్ లెవెల్ పెడితే బుడగ నడిమధ్యన నిలబడింది. వెల్డరు దానికి దణ్ణం పెట్టి, చొక్కా తొడుక్కుని వెళ్ళిపోయాడు.

నీళ్ళు ఆర్వో ప్లాంటునుంచి క్యాన్లలో తెచ్చాం. ఉప్పు మాత్రం కిరాణా ఉప్పు పనికిరాదు, సముద్రంలో ఉండేవన్నీ కలిపి ప్రత్యేకంగా చేసింది కావాలి. అది కొరియర్‌లో వచ్చింది. రాళ్ళు కూడా కొరియర్‌లోనే వచ్చాయి. చుట్టూ ఎటు చూసినా సున్నపురాయి ఉన్న చోట, రోజూ రాయి పగలగొట్టే మనిషి, రాళ్ళు పార్సిల్లో తెప్పించుకున్నాడని ఫ్యాక్టరీలో చాలాకాలం నవ్వుకున్నారు. నేనూ మన రాయే వేద్దామనుకున్నాను. మా ఫ్యాక్టరీ ల్యాబ్‌లో కెమిస్టుగా ఉన్న అమ్మాయి వద్దంది. మన రాయి సిమెంటుకి మంచిది సార్, ఇందులో మట్టీ ఇనుమూ ఉంటాయి, చేపలకి ఇది వద్దు అంది. నమ్మక ఒక ముక్క బకెట్లో ఉప్పునీళ్ళలో వేశాను. తెల్లారేసరికి అది మజ్జిగ బకెట్.

ఇక్కడ చాలామంది దెబ్బతినే సంగతి ఒకటుంది. నీళ్ళు తయారవగానే చేపలు వేయకూడదు. చేపల మలినాన్ని తిని బతికే సూక్ష్మజీవులు ముందు రాళ్ళల్లో కాపురం పెట్టాలి. అందుకు వారాలు పడుతుంది. ఆ వారాలన్నీ మా ఇంట్లో లైటు వెలుగుతూ, మోటారు తిరుగుతూ, ఇసక, రాళ్ళు, నీళ్ళు ఉన్నాయి, చేపలు లేవు. ఊళ్ళో మాత్రం సముద్రపు చేపలొచ్చాయని పాకిపోయింది. జనం వచ్చి, గాజుకి మొహం ఆనించి, రాళ్ళ సందుల్లోకి తొంగిచూసి, ఎక్కడా అని అడిగేవాళ్ళు. ఇంకా రాలేదని చెబితే, అబద్ధం చెప్పి పిలిచినట్టు చూసేవాళ్ళు.

అలా వచ్చినవాళ్ళలో ఒకావిడ గురించి చెప్పాలి. ఊరంతా ఆవిణ్ణి పిన్ని అనేవాళ్ళు, మేమూ అలాగే పిలిచేవాళ్ళం. అరవై దాటిన మనిషి. మిరపతోట తనే చూసుకునేది. పుట్టిల్లు కోదాడ వైపు. పాత ఇల్లు తీసేసి ఆ మధ్యనే స్లాబు ఇల్లు వేయించుకుంది. మా ఆవిడ దగ్గర జాకెట్లు కుట్టించుకునేది. వచ్చి తొట్టి ముందు చాలాసేపు నిలబడి, "ఏంది బాబూ, ఉత్త నీళ్ళకి లైటేసి కూచున్నావు?" అంది. సూక్ష్మజీవుల గురించి చెప్పాను. శ్రద్ధగా విని, "సరే, అవి కనపడ్డప్పుడు పిలువు" అని వెళ్ళిపోయింది.

నీటి పరీక్షలు కెమిస్టమ్మాయి చేసింది. డ్యూటీ అయ్యాక మా ఇంటికొచ్చి, సీసాల్లో చుక్కలు వేసి, రంగు చూసి, ఇంకా కాదు సార్ అనేది. ఆ అమ్మాయి ఇంకా కాదు అన్నప్పుడల్లా మా ఆవిడ ఆమెకి టీ ఇచ్చేది. చివరికి ఒకరోజు అయింది సార్ అంది. టీ బదులు ఆ రోజు పాయసం.

చేపలు హైదరాబాద్‌నుంచి బస్సులో వచ్చాయి. గరికపాడు దగ్గర హైవే మీద దింపమని చెప్పి, బండి మీద వెళ్ళి నిలబడ్డాను. డ్రైవరు థర్మోకోల్ పెట్టె అందించి వెళ్ళిపోయాడు. పెట్టె పట్టుకుని బండి తిప్పేలోపు చెక్‌పోస్టు కానిస్టేబుల్ ఆపాడు. అటు తెలంగాణ, ఇటు మనం. అటునుంచి ఇటు పెట్టెల్లో ఏమొస్తాయో వాళ్ళకి బాగా తెలుసు. "మందా?" అని అడిగాడు. నాకు నోరు అలవాటు ప్రకారం పనిచేసింది. మందు క్వారీలో ఉందండి, ఇందులో చేపలు అన్నాను. అతనికి అది ఇంకా అనుమానంగా వినబడింది. మూత తీయించాడు. రెండు ప్లాస్టిక్ సంచులు, ఒక్కోదానిలో కాసిని నీళ్ళు, వేలెడంత నారింజ చేప. కాసేపు వంగి చూసి, తోటివాణ్ణి పిలిచి చూపించి, మూత జాగ్రత్తగా అతనే పెట్టి, నెమ్మదిగా పొండి, ముందు గతుకులున్నాయి అని చెప్పాడు.

వాటిని తొట్టిలో వదిలిన సాయంత్రం మా ముందుగది సినిమా హాలులా ఉంది. రెండూ జంటగా తిరిగేవి. పెద్దది ముందు, చిన్నది వెనక. రాతికింద ఒక గుంట చూసుకుని, అదే ఇల్లు చేసుకున్నాయి. పిన్ని వచ్చి చూసి, కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆ తర్వాత జాకెట్టు పని లేకపోయినా వచ్చేది.

ఇంతవరకు సరదా. ఉద్యోగం ఇక్కడినుంచి మొదలవుతుంది.

ఆ ఎండాకాలం క్వారీలో ఒక కొత్త భాగం తెరిచాం. అది పాతదానికంటే ఊరికి దగ్గర. ఒకరోజు పొద్దున గేటు దగ్గర ఊరివాళ్ళు పాతికమంది దాకా వచ్చి నిలబడ్డారు, ముందు పిన్ని. తన కొత్త ఇంటి గోడ మీద పగులు వచ్చింది. కిటికీ మూలనుంచి ఏటవాలుగా పైకి. ఇంకా నాలుగైదు ఇళ్ళలో కూడా వచ్చాయన్నారు. బ్లాస్టింగ్ ఆపాలన్నారు. మా మైన్స్ మేనేజరు నాకంటే చిన్నవాడు, మంచివాడు, లెక్క ప్రకారం నడిచే మనిషి. నేల అదురు కొలవడానికి ఊళ్ళో పెట్టిన మీటరు రీడింగులు తెచ్చి చూపించాడు. కుదుపు ఇంతకు మించకూడదని రూలు, మనది అందులో సగం కూడా లేదు అని ఓపిగ్గా చెప్పాడు. అవి నిజమైన రీడింగులే. నేనే దగ్గరుండి తీయించాను.

పిన్ని ఆ కాగితాలు చూడలేదు. నన్ను చూసింది. మీ ఇంట్లో గాజుతొట్టి ఉంది కదా బాబూ, మా ఇళ్ళు అదిరితే అదీ అదరాలి కదా అంది. నాకు ఉత్సాహం వచ్చింది. ఇన్నాళ్ళలో చుక్క నీళ్ళు ఒలకలేదు పిన్నిగారూ, కావాలంటే వచ్చి చూడండి అన్నాను. నా మాటకి మేనేజరు మొహం వెలిగింది. ఊరివాళ్ళు ఒకరినొకరు చూసుకున్నారు. సరే, చూద్దాం పదండి అన్నారు.

పదిమంది దాకా మా ఇంటికొచ్చారు. నేను గర్వంగా తొట్టి పక్కన నిలబడి, నిండా ఉన్న నీళ్ళు, మట్టంగా ఉన్న అంచు చూపించాను. పిన్ని అవి రోజూ చూసేవే. ఆ రోజు ఆవిడ వంగి కింద చూసింది. కాసేపు కాళ్ళ దగ్గరే చూసి, నడుం మీద చెయ్యి వేసుకుని లేచింది.

"దీనికి చెప్పులు తొడిగావు బాబూ. నా ఇంటికెవరు తొడుగుతారు?"

గదిలో అందరూ నవ్వారు. మా ఆవిడ కూడా నవ్వింది. నేను నవ్వబోయి ఆగిపోయాను. ఆ రబ్బరు నిజంగా ఎంత కుదుపు ఆపుతోందో నాకు తెలియదు, ఇంజనీర్లు తేల్చాల్సిన సంగతి. కానీ దాన్ని ఎందుకు పెట్టామో నాకు తెలుసు, దారపు ఉండల మాట విని పెట్టాం. రేపు తీసేస్తాను, షాట్ టైముకి రండి అని చెప్పేశాను. ఆ మాట నోట్లోంచి వచ్చాక గుర్తొచ్చింది, ఆ తొట్టి నేను రెండుసార్లు అతికించిందని.

రాత్రి భోజనాల దగ్గర మా ఆవిడ చేపల గురించి ఆలోచించారా అని అడిగింది. ఆలోచిస్తున్నా అన్నాను. "పగిలితే మళ్ళీ కట్టుకుంటారు. తీసేయండి. నేను మిషను దగ్గర రోజూ చూసేదే ఆవిడ చెప్పింది" అంది.

మర్నాడు సెలవు పెట్టాను. పేల్చే పని నా తర్వాతివాడికి అప్పగించాను. వెల్డరు రెండు కారు జాకీలు తెచ్చాడు. సగం నీళ్ళు డ్రమ్ముల్లోకి తోడి, ఒక్కో వైపు గోరంత గోరంత ఎత్తి, బెల్టు ముక్కలు లాగి, సన్నటి రేకు ముక్కలతో మట్టం చేసి, మళ్ళీ నేల మీద దించాం. చేపలు రాతికిందనుంచి ఇదంతా చూస్తూ ఉన్నాయి. నీళ్ళు తిరిగి నింపేసరికి మా ఇద్దరి చొక్కాలూ పిండుకోవచ్చు. వెల్డరు పని ఉందన్నాడు గానీ వెళ్ళలేదు, గుమ్మంలో కూర్చున్నాడు.

మధ్యాహ్నానికి అందరూ వచ్చారు. పిన్ని కుర్చీలో, తక్కినవాళ్ళు కింద, నేను తొట్టి పక్కన గోడకి ఆనుకుని. సైరన్ వినబడింది. అప్పుడు నాకొక సంగతి తట్టింది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో షాట్ పేలే టైముకి నేను ఎప్పుడూ ఇంట్లో లేను. ప్రతిసారీ దాని పక్కనే ఉన్నాను. అక్కడ దుమ్ము లేస్తుంది, చప్పుడవుతుంది, రాయి కూలుతుంది, కళ్ళకి బ్రహ్మాండంగా ఉంటుంది. నేల కదులుతుందని అక్కడ పట్టించుకునే తీరికెవరికి?

చప్పుడు కంటే ముందు నేల వచ్చింది. అరికాళ్ళ కిందనుంచి ఏదో పెద్ద జంతువు ఒళ్ళు విరుచుకున్నట్టు. గోడ నా వీపుని ఒక్కసారి తోసింది. వంటింట్లో మూతలు గలగలమన్నాయి. మిషను మీదనుంచి ఎర్రదారం ఉండ దొర్లి నా కాళ్ళ దగ్గరికి వచ్చింది. తొట్టిలో నీళ్ళు మొత్తం ఒకవైపు జరిగి, వెనక్కి వచ్చి, అంచు దాటి చెంబెడు నేల మీద పడ్డాయి. చేపలు రెండూ బాణాల్లా వెళ్ళి గుంటలో దూరాయి. అప్పుడు వినబడింది చప్పుడు. పైకప్పునుంచి సున్నం పొడి మెడ మీద రాలింది. ఇది మా మీటరులో రూలుకి సగం కూడా లేని కుదుపు.

పిన్ని ఇప్పుడు ఏదో అంటుందని అందరం ఆవిడ వంక చూశాం. నేనైతే ఏమన్నా పడదామని సిద్ధంగా ఉన్నాను. ఆవిడ కుర్చీ తొట్టి దగ్గరికి జరుపుకుని, మొహం గాజుకి ఆనించింది.

"అవి బయటికి రావడంలేదేంది?"

వస్తాయి పిన్నిగారూ అన్నాను. చాలాసేపు రాలేదు. తక్కినవాళ్ళు ఒక్కొక్కరే లేచి వెళ్ళిపోయారు. ఆవిడ కదల్లేదు. మా ఆవిడ నీళ్ళు తుడిచింది, టీ పెట్టింది. టీ చల్లారిపోయింది. పెద్దది ముందు తల బయటపెట్టి, లోపలికి వెళ్ళి, మళ్ళీ బయటపెట్టింది. చిన్నది ఇంకా ఆలస్యంగా వచ్చింది. రెండూ బయటికి వచ్చి తిరిగాకే పిన్ని లేచింది. ఇవాళ మేత తింటాయో లేదో చూసి చెప్పు అని మా ఆవిడకి చెప్పి వెళ్ళింది. గోడ సంగతి ఒక్క ముక్క ఎత్తలేదు. ఎత్తి ఉంటే నాకు కాస్త తేలిగ్గా ఉండేది.

తొట్టి నిలబడింది. వెనక అడ్డుగోడ మాత్రం ఒక పక్క అతుకు వదిలింది. చేపల్ని బకెట్లోకి మార్చి, మళ్ళీ సిలికాన్ పూసి, ఆరేదాకా బకెట్లో చిన్న మోటారు తిప్పుతూ కాపాడుకున్నాం. కెమిస్టమ్మాయి రెండుపూటలా వచ్చి బకెట్ నీళ్ళు పరీక్ష చేసింది.

నేను మేనేజరు దగ్గరికి వెళ్ళాను. అతను అన్నది సబబుగానే ఉంది. రూలు దాటలేదు, మందు తగ్గిస్తే హోల్స్ ఎక్కువ వేయాలి, డ్రిల్లింగ్ పెరుగుతుంది, రాయి తగ్గితే పైవాళ్ళకి నేను జవాబు చెప్పుకోవాలి అన్నాడు. నేను వాదించలేదు. "రూలు లోపలే ఉందండి. నేను ఇంట్లో కూర్చుని చూసొచ్చా" అన్నాను. ఒక్క ట్రయల్‌కి ఒప్పుకోండి, ఆ టైముకి మీరు మా ఇంట్లో కూర్చోండి అని అడిగాను. అతను పెన్ను మూత పెట్టి, తీసి, మళ్ళీ పెట్టి, సరే అన్నాడు.

ఆ వారం మా డ్రిల్లర్లు నన్ను తిట్టుకోని పూట లేదు. హోల్స్ పెంచాం, ఒక్కోదానిలో మందు తగ్గించాం. అంతకుముందు రెండు మూడు హోల్స్ కలిసి పేలేవి. ఇప్పుడు ఏ రెండూ ఒకేసారి పేలకుండా, రెప్పపాటులో పదో వంతు తేడాలు లెక్కేసి వైర్లు కలిపాం. లెక్క తప్పితే రాయి సరిగ్గా విరగదు. విరగకపోతే మేనేజరు మళ్ళీ ఎప్పటికీ నా మాట వినడు. విరిగినా ఊళ్ళో నీళ్ళు ఒలికితే పిన్ని మొహం చూడలేను.

తర్వాత సంగతులు ముందే చెప్పేస్తాను, ఎందుకంటే నాకు ఆ ట్రయల్ రోజు దగ్గరే ఆపాలని ఉంది. ఆ పద్ధతే క్వారీలో స్థిరపడింది. రాయి మొదట తగ్గి, చెయ్యి తిరిగాక మునుపటిలాగే వచ్చింది. పిన్ని గోడని కంపెనీ మేస్త్రీ వచ్చి బాగుచేశాడు. అది బ్లాస్టింగ్ వల్లే వచ్చిందా, కొత్త ఇల్లు కుదురుకోవడంలో వచ్చిందా అన్నది ఈ రోజుకీ ఎవరూ తేల్చలేదు, నేనూ తేల్చలేను. రిటైరయ్యాక నందిగామ వచ్చేశాం. తొట్టిని మాత్రం తేలేదు. అది పిన్ని ఇంట్లో ఉంది. నీటి పరీక్షలు ఆవిడే చేస్తుంది, అనుమానమొస్తే కెమిస్టమ్మాయికి ఫోన్ చేస్తుంది. పిల్లలూ, మీ సైట్‌లో ఎంత మంచి మీటరు ఉన్నా, ఉద్యోగంలో ఒక్కసారైనా సెలవు పెట్టి, షాట్ టైముకి దగ్గర్లో ఎవరింట్లోనన్నా కూర్చోండి. నేను చెప్పగలిగిన సలహా అదొక్కటే.

ట్రయల్ రోజు నేను క్వారీలో ఉండక తప్పలేదు. మా ఇంట్లో మేనేజరు, పిన్ని, ఊరివాళ్ళు కొందరు. తొట్టికి చెప్పులు తొడగలేదు. సైరన్ వేయించి, మనుషులందరూ దూరం వెళ్ళారని చూసుకుని, పేల్చాం. వేళ్ళమీద మెటికలు విరిచినట్టు వరసగా పేలుకుంటూ పోయింది, రాయి మెత్తగా జారి కింద కూర్చుంది. దుమ్ము సర్దుకునేదాకా ఆగి, లోపలికి వెళ్ళి ఒక్కో వరసా చూసుకున్నాం. మందు ఎక్కడా మిగల్లేదు. వెనక్కొచ్చి, రెండో సైరన్ వేయమని చెప్పబోతూ, షెల్టర్లో వదిలిన ఫోను తీసుకున్నాను. అప్పుడే మోగింది. మా ఆవిడ.

"ఏమండీ, ఇంకెంతసేపు? మేనేజరు గారు రెండో టీ కూడా తాగేసారు. పిన్ని గారు తోటకి పోవాలంటున్నారు."

పేలి చాలాసేపైందని చెప్పాను. తర్వాత ఆవిడ ఆ సంగతి గదిలో చెప్పడం, కుర్చీలు కదలడం, మేనేజరు ఏదో అడగడం వినబడ్డాయి. ఫోను పిన్ని చేతిలోకి వెళ్ళింది.

"మధ్యలో ఏదో లారీ పోయినట్టు దడ్‌మంది. అదేనా బాబూ?"

"అదే పిన్నిగారూ. నీళ్ళు ఒలికాయా?"

ఆవిడ అదే మాట గదిలో వాళ్ళని అడగడం వినబడింది.

"నీళ్ళెవరు చూసారు. అందరం చేపల్నే చూస్తా కూచున్నాం. ఇంకోసారి పేల్చు, ఈసారి నీళ్ళు చూస్తా."